అద్దాలు పోయినా పొడవు పోదు

లేజర్ శస్త్రచికిత్స హ్రస్వదృష్టిని సరిచేస్తుంది కానీ కంటి పొడవును సరిచేయదు. సైన్యంలో చేరాలనుకునే యువకుడికీ, శుక్లాల ఆపరేషన్‌కు వెళ్లే నడివయస్కుడికీ ఆ పాత కొలతలే మళ్లీ ఎదురుపడతాయి.

సూరత్‌లో వజ్రం చేతులు మారేది కాగితం పొట్లంలో. వరాఛాలోనైనా కతార్‌గామ్‌లోనైనా రాయితోపాటు దాని బరువు రాసిన కాగితం కూడా ప్రయాణిస్తుంది. సానపట్టక ముందు ఎంత, పట్టాక ఎంత అన్న రెండు అంకెల మధ్యే యజమాని లాభం, పనివాడి నిజాయితీ తేలతాయి. ముడిరాయి బరువులో సగానికి పైగా సాన మీదే పోవడం మామూలే. మెరుగుపెట్టిన వజ్రాన్ని మాత్రమే చేతిలో పెట్టి, ముడిరాయి ఎంత ఉండేదో చెప్పమంటే ఎంత ఆరితేరిన రత్నకళాకారుడైనా (వజ్రాల కార్మికులను సూరత్‌లో పిలిచే పేరు అదే) తెల్లముఖం వేస్తాడు. ఆ మాట కాగితమే చెప్పాలి.

అదే నగరంలో ఇంకో రకం సాన కూడా నడుస్తోంది. కళ్లద్దాలు వదిలించుకోవడానికి యువతీయువకులు చేయించుకునే లేజర్ శస్త్రచికిత్స అది. అక్కడా పారదర్శకమైన వస్తువునే మైక్రాన్ల లెక్కన చెక్కుతారు. అక్కడా చెక్కక ముందు కొలతలు, చెక్కాక కొలతలు ఉంటాయి. కానీ వజ్రం పొట్లానికి ఉన్న గౌరవం కంటి కాగితానికి లేదు. అద్దాలు పోయిన సంబరంలో ఫైలు అటక ఎక్కుతుంది. ఇల్లు మారినప్పుడు పాత పేపర్లతో పాటు తూకానికి వెళ్లిపోతుంది. దాని విలువ పదేళ్లకో పాతికేళ్లకో తెలిసొస్తుంది.

హ్రస్వదృష్టి అంటే చాలామందిలో కన్ను ఉండాల్సిన దానికంటే పొడవుగా ఉండడమే. పుట్టినప్పుడు 16, 17 మిల్లీమీటర్లు ఉండే కనుగుడ్డు పెద్దయ్యేసరికి 23, 24 మిల్లీమీటర్లకు చేరుతుంది. ముందున్న కార్నియా నుంచి వెనకనున్న రెటీనా దాకా ఉండే ఈ దూరాన్ని వైద్యులు యాక్సియల్ లెంగ్త్ అంటారు. ఎదుగుదల అక్కడితో ఆగకుండా ఇంకో మిల్లీమీటరు సాగితే చాలు, రెండున్నర నుంచి మూడు డయాప్టర్ల మైనస్ పవర్ వచ్చిపడుతుంది. రెటీనా మీద కేంద్రీకృతం కావాల్సిన వెలుతురు దానికి ముందే కలుస్తుంది. నల్లబల్ల మీది అక్షరాలు అలుక్కుపోతాయి, బస్సు మీది ఊరి పేరు దగ్గరకొచ్చేదాకా కనిపించదు.

పవర్ కంటే పొడవే అసలు సమస్య. సాగిన కంటిలో రెటీనా కూడా సాగి పలచబడుతుంది. అంచుల్లో బలహీనమైన చోట్లు ఏర్పడతాయి, చిరుగులు పడతాయి, ఒక్కోసారి పొరే ఊడి వస్తుంది. పొడవు 26 మిల్లీమీటర్లు దాటిన కళ్లను వైద్యులు ప్రత్యేకంగా చూసేది ఇందుకే. నీటికాసుల (గ్లకోమా) ముప్పు కూడా హ్రస్వదృష్టి ఉన్నవారిలో మిగతావారికంటే ఎక్కువ.

ఇక లేజర్ చేసే పని సూటిగా చెప్పుకోవాలంటే, పొడవైన కన్నును అలాగే ఉంచి దాని ముందున్న కిటికీని చదును చేయడం. కార్నియా మధ్యభాగం మందం సగటున 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు పైచిలుకు. ఆరు మిల్లీమీటర్ల వెడల్పు మేర చెక్కితే ఒక్కో డయాప్టర్‌కు సుమారు 12 మైక్రాన్ల కణజాలం పోతుంది. మైనస్ 6 ఉన్నవారికి 72 మైక్రాన్లు. ఇది ఒక వెంట్రుక మందం. ఆ వెంట్రుకంత తీసేస్తే కార్నియా వంపు తగ్గి, వెలుతురు వెనక్కు జరిగి, సాగిపోయిన కంటి రెటీనా మీద సరిగ్గా పడుతుంది. మనిషి అద్దాలు తీసి పక్కన పెడతాడు. రెటీనా మాత్రం నిన్న ఎక్కడుందో ఇవాళా అక్కడే ఉంటుంది.

ఈ చెక్కుడు వెనక ఒక భారతీయుడి చేయి ఉంది. మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్ న్యూయార్క్ రాష్ట్రంలోని ఐబీఎం పరిశోధన కేంద్రంలో పనిచేస్తూ 1981 నవంబరులో, థ్యాంక్స్‌గివింగ్ విందులో మిగిలిన టర్కీ కోడి ముక్కను ప్రయోగశాలకు పట్టుకెళ్లారు. ఎక్సైమర్ లేజర్‌తో దాని మృదులాస్థిపై గాట్లు పెట్టి చూస్తే చుట్టుపక్కల కాలిన మచ్చ లేదు, కోత మాత్రం శుభ్రంగా ఉంది. సహచరులు జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్‌లతో కలిసి ఆయన సాధించిన ఈ ఫలితాన్ని కంటివైద్యుడు స్టీఫెన్ ట్రోకెల్ కార్నియా దాకా తీసుకెళ్లారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ లేజర్‌ను హ్రస్వదృష్టికి అనుమతించింది 1995లో. కార్నియా మీద పలుచని మూతలా తెరిచి, లోపల చెక్కి, మళ్లీ మూసే లాసిక్ పద్ధతికి ఆ పేరు పెట్టింది గ్రీసుకు చెందిన ఇయోనిస్ పల్లికారిస్. శ్రీనివాసన్ బృందానికి 2013లో వైట్‌హౌస్‌లో జాతీయ సాంకేతిక పతకం దక్కింది. సూరత్‌లో ముడివజ్రాన్ని కోసేదీ లేజరే. దాని జాతి వేరు, పని ఒకటే.

మరి లేజర్ తర్వాత కంటి పొడవు కొలిస్తే ఏమవుతుంది? కొద్దిగా తగ్గినట్టు కనిపిస్తుంది. కొలత మొదలయ్యేది కార్నియా ముందు ఉపరితలం నుంచే కాబట్టి అక్కడ 72 మైక్రాన్లు తీసేస్తే పొడవులో 0.07 మిల్లీమీటరు తగ్గుతుంది. గోడకు సున్నం గీకేస్తే గది పొడవు పెరిగినట్టు, ఇక్కడ తలుపు చెక్క చిత్రిక పడితే ఇంటి పొడవు తగ్గినట్టు. ఇల్లయితే మారలేదు. 1990ల చివర్లో జైస్ సంస్థ తెచ్చిన ఐఓఎల్ మాస్టర్ యంత్రం కంటిని తాకకుండా కాంతితోనే మిల్లీమీటరులో వందో వంతు దాకా పొడవు చెప్పగలుగుతోంది కనుక ఈ స్వల్ప తేడా కూడా పట్టుబడుతోంది. అంతకు ముందున్న అల్ట్రాసౌండ్ పద్ధతిలో కొలిచే పుల్ల కార్నియాను తాకుతుంది. చేయి కాస్త బరువుగా పడితే కార్నియా నొక్కుకుపోయి, పొడవు 0.1 లేదా 0.2 మిల్లీమీటర్లు తక్కువ వస్తుంది. అంటే లేజర్ వల్ల వచ్చే తేడా కంటే కొలిచే చేయి వల్ల వచ్చే తేడానే ఎక్కువ. ఆపరేషన్‌కు ముందు అల్ట్రాసౌండ్‌తో, తర్వాత కాంతితో కొలిచి రెండూ పోల్చి చూసుకుని కంగారుపడడంలో అర్థం లేదు.

0.07 మిల్లీమీటరు ఎవరికి కావాలి అనిపించవచ్చు. భారత ప్రభుత్వానికి కావాలి.

యూపీఎస్సీ నిర్వహించే కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ పరీక్ష ప్రకటనలో, చిన్న అక్షరాల్లో ఉండే వైద్య ప్రమాణాల అనుబంధాన్ని ఓపికగా చదివితే అక్కడ కంటి పొడవు కనిపిస్తుంది. లేజర్ చేయించుకున్న అభ్యర్థిని వైమానిక దళం తీసుకోవాలంటే ఐఓఎల్ మాస్టర్‌తో కొలిచిన పొడవు 25.5 మిల్లీమీటర్లు మించకూడదు. సైన్యానికి ఆ పరిమితి 26. శస్త్రచికిత్స 20 ఏళ్లు నిండాకే జరిగి ఉండాలి. జరిగి కనీసం ఏడాది కావాలి. చెక్కగా మిగిలిన కార్నియా 450 మైక్రాన్లకు తగ్గకూడదు. ఆపరేషన్‌కు ముందు పవర్ 6 డయాప్టర్లు దాటిన వారు వైమానిక దళానికి పనికిరారు.

మొదటిసారి చదివినవారికి ఇది వింతగా తోస్తుంది. అభ్యర్థి చూపు ఆరుకు ఆరు ఉంది, అద్దాలు లేవు, చార్టులో చివరి వరుస గడగడా చదివేస్తున్నాడు. ఇంకా పొడవుతో పనేమిటి? పనుంది. లేజర్ అద్దాలను చెరిపేసింది, కార్నియా వంపును మార్చేసింది. ఆ యువకుడికి ఒకప్పుడు మైనస్ 3 ఉండేదా మైనస్ 8 ఉండేదా అన్నది ఇవాళ్టి చూపును చూసి చెప్పలేం. మార్చడం లేజర్‌కు చేతకాని సాక్షి ఒక్కటే మిగిలింది, అది కంటి పొడవు. పల్చబడిన రెటీనాతో పారాచూట్ కట్టుకుని దూకాల్సిన వ్యక్తిని ఎంపిక చేసేటప్పుడు రాజ్యం ఆ సాక్షిని పిలవడంలో తప్పులేదు.

అయితే ఆ సాక్షి ప్రతి మాటా వేదం కాదు. పొడవుకూ పవర్‌కూ మధ్య సంబంధం గట్టిదే కానీ అందరికీ ఒకేలా ఉండదు. ఆరడుగుల మనిషికి సహజంగానే కన్ను కాస్త పెద్దదిగా, కార్నియా కాస్త చదునుగా ఉండవచ్చు. అతని కన్ను 25.6 మిల్లీమీటర్లున్నా పాత పవర్ మైనస్ 3 మాత్రమే కావచ్చు. నిటారు వంపు కార్నియా ఉన్న పొట్టి మనిషికి 25 మిల్లీమీటర్లకే మైనస్ 5 ఉండవచ్చు. గీత ఒకటే, కళ్లు రకరకాలు. గీత దగ్గరకొచ్చేసరికి లేజర్ తీసేసిన ఆ వెంట్రుక మందానికీ విలువ వస్తుంది. ఆపరేషన్‌కు ముందు 25.55 ఉన్న కన్ను 72 మైక్రాన్లు పోయాక 25.48కి దిగి గీత లోపలికి వస్తుంది. రెటీనా రవ్వంత కూడా మారకుండానే మనిషి అర్హుడవుతాడు. ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదన్నది నిజమే. అందుకే నిబంధనల్లో పొడవుతో పాటు రెటీనా ఆరోగ్యంగా ఉండాలన్న షరతు కూడా పెట్టారు. అసలు బరువు దానికే ఉండాలి.

గాంధీనగర్‌లో వైమానిక దళ ఎంపిక మండలి ఉంది. సూరత్ నుంచి కొన్ని గంటల ప్రయాణం. ఈ నగరంలో తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన లింబాయత్, ఉధనా ప్రాంతాల కుర్రవాడికి అది మరీ దూరపు కల కాదు. వరంగల్, నల్గొండ, కరీంనగర్ జిల్లాల నుంచి మరమగ్గాల కోసం వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలకు ఇది రెండో తరమో మూడో తరమో. నగరపాలక సంస్థ బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉన్న ఊరిది. తాతలు మగ్గం ముందు నిలబడ్డారు, మనవలు పుస్తకం ముందు కూర్చుంటున్నారు. కూర్చున్నవారి కళ్లు సాగుతాయన్నది సామెత కాదు గానీ లెక్కలు ఆ దిక్కుకే చూపిస్తున్నాయి. 2002లో ప్రచురితమైన రెండు అధ్యయనాలను పక్కపక్కన పెడితే, మహబూబ్‌నగర్ జిల్లా గ్రామాల్లో బడి వయసు పిల్లల్లో హ్రస్వదృష్టి ఉన్నవారు 4 శాతం ఉంటే ఢిల్లీ నగరంలో 7 శాతం పైనే. ఫోన్లు పిల్లల చేతికి రాకముందు లెక్కలివి.

నిజానికి కంటి పొడవు విషయంలో చేయగలిగిందేదైనా ఉంటే అది ఈ వయసులోనే. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకు బడిలో రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపే ఏర్పాటు చేసి మూడేళ్ల తర్వాత చూస్తే, కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవారు 30 శాతం, ఆ ఏర్పాటు లేని బడుల్లో 40 శాతం దాకా ఉన్నారు. 2015లో వెలువడిన ఫలితమిది. ఎండలో ఆడుకున్న కన్ను తక్కువ సాగుతుంది. ఇరవై దాటాక లేజర్‌తో చేయలేనిది ఆరేళ్లప్పుడు మైదానం కొంతవరకు చేస్తుంది. సూరత్‌లో మైదానాలెన్ని మిగిలాయన్నది వేరే చర్చ.

మళ్లీ కాగితం దగ్గరకు వస్తే, సైన్యం నిబంధనల్లో అందరూ దాటవేసే వాక్యం ఒకటుంది. శస్త్రచికిత్స ఏ తేదీన, ఏ పద్ధతిలో జరిగిందో తెలిపే ధ్రువపత్రం లేదా ఆపరేషన్ నోట్సును ఆస్పత్రి నుంచి తెచ్చి చూపాలి. లేకపోతే పత్రాలు లేని దృష్టి సవరణ ప్రక్రియ అని రాసి అభ్యర్థిని అనర్హుడిగా తిప్పిపంపుతారు. చూపు బాగున్నా, పొడవు గీత లోపలే ఉన్నా, రెటీనా నిక్షేపంగా ఉన్నా సరే. లేజర్ చేయించుకున్న సంగతి దాచిపెడదామనుకునేవారికి కూడా ఇదే సమాధానం. కార్నియా పటం తీసే యంత్రం ముందు కూర్చోగానే చదునైన మధ్యభాగం రంగుల్లో బయటపడుతుంది.

మరి ఆ పత్రం ఎన్నాళ్లు దొరుకుతుంది? భారత వైద్య మండలి 2002లో తెచ్చిన వృత్తి ప్రవర్తన నియమావళి ప్రకారం వైద్యుడు ఇన్‌పేషెంట్ల రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు భద్రపరచాలి. అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ కొత్త నిబంధనలు తెచ్చి, విమర్శలు రావడంతో అదే నెలలో వాటిని పక్కన పెట్టింది. కాబట్టి పాత నియమావళే దిక్కు. ఇందులో రెండు చిక్కులున్నాయి. లేజర్ చేయించుకున్న మనిషి అరగంటలో లేచి ఇంటికి వెళ్లిపోతాడు, అతన్ని ఇన్‌పేషెంట్ అనాలా వద్దా అన్నది ఒకటి. రెండోది మరింత ముఖ్యం. మూడేళ్ల నిబంధనకూ కంటి జీవితకాలానికీ పొంతన లేదు. ఇరవై రెండేళ్లకు లేజర్ చేయించుకున్న మనిషికి ఆ కాగితంతో రెండోసారి పని పడేది యాభై అయిదేళ్లకు.

మధ్యలో ఇంకోసారి పడినా పడవచ్చు. లేజర్ తర్వాత నాలుగైదేళ్లకు కొందరికి మైనస్ ఒకటో, ముప్పావో తిరిగి వస్తుంది. మళ్లీ లేజర్ చేయించుకుంటే పోతుంది కదా అని వస్తారు. పవర్ తిరిగి రావడానికి కారణాలు ఒకటికి మించి ఉంటాయి. కన్నే మరికాస్త సాగి ఉండవచ్చు, 26 మిల్లీమీటర్లు దాటిన కళ్లు పెద్దయ్యాక కూడా సాగుతుంటాయి. కార్నియా పైపొర దళసరి అయి ఉండవచ్చు. లేదా చెక్కగా మిగిలిన కార్నియా బలం చాలక ముందుకు ఉబుకుతూ ఉండవచ్చు. ఎక్టేసియా అనే ఈ మూడోది ప్రమాదకరం. దానిపై మళ్లీ లేజర్ చేయడమంటే పగులుతున్న కుండకు ఇంకో దెబ్బ వేయడమే. వీటిలో ఏది జరిగిందో తేల్చడానికి పాత పొడవు, పాత మందం, పాత వంపు కావాలి. ఆపరేషన్ అయిన కొత్తలో 25.30 ఉన్న కన్ను ఇవాళ 25.65 చూపితే సాగింది కన్నే. పొడవు కదలకుండా వంపు పెరిగితే అనుమానం కార్నియా మీదికి మళ్లుతుంది. పాత అంకెలే లేకపోతే నెలల తరబడి కొలుస్తూ ఎదురుచూడాలి. ఓపిక లేని రోగి ఇంకో ఆస్పత్రికి వెళతాడు.

ఇక యాభై దాటాక వచ్చేది శుక్లాల ఆపరేషన్. దేశంలో 1990ల చివర, 2000 దశకం మొదట్లో లేజర్ చేయించుకున్న తొలి తరం ఇప్పుడు ఆ వయసులో అడుగుపెడుతోంది. శుక్లం తీసేసి లోపల అమర్చే కృత్రిమ కటకానికి ఎంత పవర్ ఉండాలన్నది ఆపరేషన్‌కు ముందే లెక్కకట్టాలి. 1980లో వెలువడి, దశాబ్దాల తరబడి వైద్యుల నోట నానిన ఎస్‌ఆర్‌కే సూత్రంలో రెండు కొలతలే ఉంటాయి. కంటి పొడవును రెండున్నరతో, కార్నియా పవర్‌ను 0.9తో గుణించి, రెండింటినీ ఒక స్థిరాంకం నుంచి తీసేయడం. ఈ లెక్కలో పెట్టి చూస్తే లేజర్ వల్ల పొడవులో వచ్చిన 0.07 మిల్లీమీటరు తేడా కటకం పవర్‌ను 0.2 డయాప్టర్ కూడా కదిలించదు. పొడవు ఇక్కడ కూడా నమ్మకమైన సాక్షే.

అబద్ధం చెప్పేది రెండో కొలత. కార్నియా పవర్ చూసే పాత యంత్రం ముందు ఉపరితలాన్ని మాత్రమే చూస్తుంది. వెనక ఉపరితలం దానికి ఫలానా నిష్పత్తిలో ఉంటుందని ఊహించుకుని మొత్తం పవర్ చెబుతుంది. లేజర్ ముందు వైపు చెక్కింది, వెనక వైపు ముట్టుకోలేదు. నిష్పత్తి చెడింది, యంత్రానికి ఆ సంగతి తెలియదు. ఉన్నదానికంటే ఎక్కువ పవర్ చూపిస్తుంది. దాన్ని నమ్మి లెక్కకడితే అమర్చాల్సిన దానికంటే బలహీనమైన కటకం వస్తుంది. కటకం లోపల ఎంత లోతున కూర్చుంటుందన్న అంచనా కూడా చదునైన కార్నియా వల్ల తప్పుతుంది. రెండు తప్పులూ ఒకే దిక్కుకు లాగుతాయి. ఫలితంగా ఒకటి రెండు డయాప్టర్ల ప్లస్ పవర్ మిగులుతుంది. పాతికేళ్ల క్రితం అద్దాలు వద్దనుకుని డబ్బు పోసిన మనిషికి ఇప్పుడు దూరానికీ దగ్గరకూ కూడా అద్దాలే. దగ్గరి పని కోసం కళ్ల మీద బతికే ఊళ్లో, చేతిలో భూతద్దం లేనిదే పూట గడవని వారికి అది చిన్న నష్టం కాదు.

వైద్యం చేతులు కట్టుకు కూర్చోలేదన్నదీ చెప్పాలి. లేజర్‌కు ముందున్న కార్నియా పవర్‌లోంచి లేజర్ తగ్గించిన పవర్‌ను తీసేసి అసలు విలువ రాబట్టే పాత పద్ధతికి పాత కాగితం తప్పనిసరి. ఆ తర్వాత వచ్చిన హైగిస్-ఎల్, బారెట్ ట్రూ-కె వంటి సూత్రాలు కాగితం లేకుండానే చాలా దగ్గరి జవాబు ఇస్తున్నాయి. కార్నియా వెనక ఉపరితలాన్ని నేరుగా కొలిచే యంత్రాలూ వచ్చాయి. కాగితం లేదని ఇవాళ ఆపరేషన్ ఆగదు. కానీ ఈ సూత్రాలు వాడాలని వైద్యుడికి తట్టాలంటే ఆ కంటికి ఒకప్పుడు లేజర్ జరిగిందని తెలియాలి. బాగా మానిన లాసిక్ కోత పాతికేళ్లకు గబుక్కున కంటపడదు. రద్దీ ఎక్కువ ఉన్న శిబిరంలో, నిమిషానికో కన్ను చూసే చోట, రోగి నోరు విప్పకపోతే అది మామూలు కన్నే. చాలామందికి చెప్పాలని తోచదు, అదేదో కుర్రతనంలో చేయించుకున్నది, ఇప్పుడు వచ్చింది శుక్లం అనుకుంటారు. అనుమానం రేపగలిగేది ఇక్కడా పొడవే. 26.4 మిల్లీమీటర్ల పొడవున్న కన్ను, అద్దాల చరిత్ర అడిగితే ఏమీ లేదన్న జవాబు, రెండూ కలవవు. కాస్త ఆగి ఆలోచించే వైద్యుడైతే అక్కడ రెండో ప్రశ్న వేస్తాడు.

కంటి ఒత్తిడి కొలతకూ ఇదే గతి. కార్నియా పలచబడితే పరికరం ఒత్తిడిని ఉన్నదానికంటే తక్కువ చూపుతుంది. పొడవైన కంటికి నీటికాసుల ముప్పు ఎక్కువ, లేజర్ తర్వాత దాన్ని పట్టిచ్చే అంకె తక్కువ. ఈ రెంటి కలయికలో చూపు సద్దు చేయకుండా తరిగిపోవచ్చు. కనీసం ఏడాదికోసారి కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయించుకుని రెటీనా, నరం చూపించుకోమని వైద్యులు చెప్పేది అద్దాలున్నప్పుడు వినిపిస్తుంది. అద్దాలు పోయాక కళ్లజోడు దుకాణానికి వెళ్లే పనే ఉండదు, ఆ వంకన జరిగే పరీక్ష కూడా ఆగిపోతుంది. అకస్మాత్తుగా మెరుపులు, నల్లటి తేలుడు చుక్కలు, ఒక పక్క తెర దిగినట్టు చీకటి కనిపిస్తే అది రెటీనా చిరుగు కావచ్చని, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలని లేజర్ చేయించుకున్న ఎందరికి గుర్తుంటుంది?

బీమా కంపెనీకి కూడా పాత అంకె కావాలి. నియంత్రణ సంస్థ 2020 అక్టోబరు నుంచి అమల్లోకి తెచ్చిన ప్రామాణిక మినహాయింపుల ప్రకారం 7.5 డయాప్టర్ల లోపు దృష్టిదోషం సవరణకు ఆరోగ్య బీమా వర్తించనక్కర్లేదు. ఆ పైన ఉన్నవారు అది నిరూపించుకోవాల్సింది ఆపరేషన్‌కు ముందు కొలతలతోనే. తర్వాత కొలిస్తే సున్నా వస్తుంది.

కేంద్ర ప్రభుత్వం 2021 సెప్టెంబరులో దేశమంతటా ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఆరోగ్య ఖాతా తెరిచి రికార్డులను జతచేసుకునే వీలుంది. ఇవాళ లేజర్ చేయించుకునే విద్యార్థి తన పొడవు, మందం, వంపు, పాత పవర్, ఆపరేషన్ నోట్సు అడిగి తీసుకుని అందులో పెట్టుకోవచ్చు, ఫోన్‌లో ఫొటో తీసి ఇంట్లో ఇద్దరికి పంపినా మేలే. 2003లోనో 2005లోనో చేయించుకున్నవారి సంగతి వేరు. చేసిన ఆస్పత్రి మూతపడి ఉండవచ్చు, యంత్రంతో పాటు దాని జ్ఞాపకమూ తుక్కు కింద పోయి ఉండవచ్చు. 2006 ఆగస్టు వరదలో తాపీ నది సూరత్ ఇళ్లలోకి, దుకాణాల్లోకి, ఆస్పత్రుల్లోకి వచ్చినప్పుడు కింది అంతస్తుల్లోని కాగితాలు ఏమయ్యాయో ఆ ఊరివాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ తరానికి మిగిలింది పాత కళ్లజోడు. ఎక్కడో సొరుగులో పడున్న ఆ జోడును కళ్లద్దాల దుకాణంలో యంత్రం కింద పెడితే లేజర్‌కు ముందు పవర్ ఎంతో రెండు నిమిషాల్లో చెబుతారు.